మునిగిన ఊరి ఓటరు

ఈ మధ్య మా ప్రొద్దుటూరు వీధికి కొత్తగా వచ్చిన బీఎల్‌ఓ అమ్మాయి, అంటే ఇల్లిల్లూ తిరిగి ఓటర్ల జాబితా సరిచూసే ఉద్యోగి, మా గుమ్మంలో నిలబడి ఒక ప్రశ్న అడిగింది.

"సార్, మీరు శానా ఏండ్లు ఈ పనే చేసినారంట కదా. ఒక మనిషి ఈ దేశం మనిషా కాదా అని ఎట్ల కనుక్కునేటోళ్ళు?"

"ఎండగా ఉంది, ముందు మజ్జిగ తాగు తల్లీ" అని మాట దాటేశాను. ఆ అమ్మాయి తాగి, నోట్‌బుక్కులో ఏదో గీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక నాకు సిగ్గేసింది. జవాబు తెలియక కాదు దాటేసింది. ఆ జవాబు నేను నేర్చుకున్న తీరు చెప్పుకోవడానికి అంత బాగుండదు, అందుకు. ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నాను, ఇంక్రిమెంటు కోస్తారనే భయం లేదు కాబట్టి రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చదివితే చాలు.

నేను పులివెందుల తాలూకాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఎక్కడెక్కడో తిరిగి, రాష్ట్రం విడిపోయిన తరువాతి ఏళ్ళలో జమ్మలమడుగు వైపు ఒక మండలానికి ఎన్నికల డిప్యూటీ తహశీల్దారుగా, అంటే డీటీగా, వచ్చాను. రెవెన్యూ ఆఫీసులో ఓటర్ల జాబితా పని అంటే అందరూ మొహం చాటేసేవారు. భూమి పని చేసి పెడితే రైతు దండం పెడతాడు. ఓటరు పని వందసార్లు సరిగ్గా చేసినా ఎవరికీ పట్టదు, ఒక్కసారి తప్పు చేస్తే మాత్రం బస్‌స్టాండులో చర్చకు వస్తుంది.

జాబితాలో పేరు చేర్చాలంటే మూడు సంగతులు చూడాలి. పద్దెనిమిదేళ్ళు నిండాయా, ఇక్కడే కాపురముంటున్నారా, ఈ దేశ పౌరులేనా. మొదటిది బడి సర్టిఫికెట్ చెబుతుంది. రెండోది పక్కింటివాళ్ళు చెబుతారు. మూడోది మా వైపు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పెన్నా ఒడ్డున బుడ్డలు, అంటే వేరుశనగ, వేసుకునేవాడిని పట్టుకుని నువ్వు ఏ దేశంవాడివని అడిగితే, అడిగినవాడికే ఎండదెబ్బ తగిలిందనుకుంటారు. నా సర్వీసంతటిలో ఆ మూడో గడి దగ్గర నా పెన్ను ఆగింది ఒక్కసారే.

ఆ మండలంలో ఒక పెద్ద కాలనీ ఉంది. రిజర్వాయరు కింద మునిగిపోయిన ఊళ్ళవాళ్ళకు కట్టించినది. ఇళ్ళు లాటరీ తీసి ఇచ్చారు. దాంతో పాత ఊర్లో గోడకు గోడ ఆనుకుని ఉన్నవాళ్ళు ఇక్కడ ఒకరు ఈ కొసకు, ఒకరు ఆ కొసకు పడ్డారు. ఆ కాలనీ నుంచి ఒక ఆడమనిషి కొత్తగా ఓటు కోసం ఫారం ఆరు పెట్టుకుంది. నలభై ఆరేళ్ళు. ఆ వయసులో కొత్త ఓటా అని మొదట మా కంప్యూటర్ ఆపరేటరే నవ్వాడు. ఆమె ఇరవై రెండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి, పాస్‌పోర్టు అక్కడి యజమాని దగ్గరే పోగొట్టుకుని, అక్కడివాళ్ళు క్షమాభిక్ష పెట్టినప్పుడు ఔట్‌పాస్ మీద తిరిగి వచ్చింది. ఔట్‌పాస్ అంటే పాస్‌పోర్టు లేనివాళ్ళు ఒక్కసారి ఇంటికి చేరడానికి మన రాయబార కార్యాలయం ఇచ్చే కాగితం. అసలు కాగితం విమానం దిగగానే తీసుకున్నారు. ఆమె చేతిలో మిగిలింది మసకబారిన జిరాక్సు. ఆమె పాత ఓటు, ఆమె లేదని ఎప్పుడో తీసేశారు. ఆమె పుట్టిన ఊరు నీళ్ళ కింద ఉంది.

ఆ దరఖాస్తు మీద ఫారం ఏడు పడింది. ఫలానావారికి ఓటు ఇవ్వొద్దని ఎవరైనా పెట్టే ఆక్షేపణ అది. పెట్టింది ఒక పార్టీ బూత్ ఏజెంటు. ముప్ఫై దాటని కుర్రాడు, అదే కాలనీ, మునిగిన ఆ ఊరివాడే. కారణం గడిలో "భారత పౌరురాలు కాదు" అని టిక్కు పెట్టాడు. వాడు దుర్మార్గుడేమీ కాదు. ఎన్నికలు దగ్గరికొస్తే ఏజెంట్లందరూ ఎదుటి పార్టీ ఓట్లని అనుమానమొచ్చిన పేర్ల మీదల్లా ఆక్షేపణలు వేస్తారు. వాడికి తెలియని మనిషి కాలనీలో కనపడింది, నల్ల ముసుగు వేసుకుని తిరుగుతోంది, అరబ్బీ మాటలు దొర్లుతున్నాయి, కువైట్ నుంచి వచ్చిందంటున్నారు. వేసేశాడు.

ఇక విచారణ నా పని. నా ఘనకార్యం ఇక్కడ మొదలవుతుంది.

ఎవరి పేర్లూ రాయనని ముందే అనుకున్నాను కాబట్టి ఆమె పేరు కూడా చెప్పను. ఒక పీరు పేరుకు చివర 'అమ్మ' చేర్చిన పేరు. తండ్రి పేరూ అలాంటిదే, చివర 'అప్ప'. ఆమె ఉంటున్నది కువైట్‌లో తనతో కలిసి పనిచేసిన ఒక ముస్లిం స్నేహితురాలి ఇంట్లో. ఇన్ని చూశాక నేను ఇంక ఆలోచించలేదు. రికార్డు రూములో మునిగిన ఊరి పాత ఓటర్ల జాబితా తీయించి, అందులో పీర్ల సావిడి వెనకుండే వీధి, అంటే ముస్లిం కుటుంబాలుండిన వీధి, మూడు పేజీలు జిరాక్సు తీయించాను. మూడు పేజీల్లోనూ ఆ తండ్రి పేరు లేదు, ఆ కూతురి పేరు లేదు. కాలనీలో ఆ వీధి పెద్దల్ని ముగ్గురిని పిలిపించి అడిగాను. "మా పిల్ల కాదు సార్" అన్నారు ముగ్గురూ. "స్థానికులు గుర్తించలేదు, పాత జాబితాలో కుటుంబం లేదు, సమర్పించిన పత్రం జిరాక్సు మాత్రమే" అని చక్కని దస్తూరితో రాశాను. ఆమెను పిలిచి మొహం చూసిందీ లేదు, మాట అడిగిందీ లేదు. నోటీసు పంపాను, ఆమె జ్వరమొచ్చి రాలేదు. రాకపోవడం కూడా నా ఫైలులో ఒక కారణమైంది.

ఆ రిపోర్టు మీద బీఎల్‌ఓ సంతకం ఉండాలి. ఆ బూత్ బీఎల్‌ఓ అంగన్వాడీ టీచరు. సన్నగా, చిన్న గొంతుతో మాట్లాడేది. గుడ్లు, పాలు, పిల్లల బరువులు, బాలింతల లెక్కలు, వాటి మీద ఈ ఓట్ల పని. మీటింగుకు వస్తే వెనక బెంచీలో కూర్చుని, పిలిస్తే తప్ప నోరెత్తేది కాదు. అలాంటి మనిషి నా టేబుల్ మీద కాగితం చదివి, వెనక్కి తోసింది.

"నేను సంతకం పెట్టను సార్."

"ఎందుకమ్మా?"

"నేను ఆయమ్మను చూసినా. మీరు చూళ్ళేదు."

"చూస్తే తెలిసిపోతుందా పౌరసత్వం? నుదుటి మీద రాసి ఉందా?"

"రాసిల్లేదు సార్. కానీ ఆయమ్మ మాట్లాడేది మన మాటే. మా పాపకు దిష్టి తీసింది, మన మాదిరే తీసింది. నాకు వారం దినాలు టైమియ్యండి. ఇచారణ కాలనీలోనే పెట్టండి. ఆయమ్మ ఈడికి రాదు, ఆఫీసంటే భయం."

నాకు ఒళ్ళు మండింది. సర్వీసులో పాతికేళ్ళు దాటినవాడిని, గౌరవవేతనం మీద పనిచేసే అంగన్వాడీ టీచరు నాకు విచారణ నేర్పుతోందా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గానీ నా మొహంలో ఆమె చదువుకునే ఉంటుంది. సంతకం పెట్టకపోతే మెమో ఇస్తానని కూడా అన్నాను. "ఇయ్యండి సార్" అంది, కొంగు భుజం మీద సర్దుకుని. అరవలేదు, ఏడవలేదు. పాతికేళ్ళలో మెమోను ఇంత తేలికగా తీసుకున్నవాళ్ళు నాకు తగల్లేదు.

ఫైలు తీసుకుని తహశీల్దారు గారి దగ్గరికి పోయాను, ఆమె మీద చెబుదామని. ఆయన మొత్తం విని, "బీఎల్‌ఓ సంతకం లేకుండా తోసేస్తే రేపు అప్పీలులో మన మొహం ఎక్కడ పెట్టుకుందాం? కాలనీ బడిలోనే పెట్టు. ఒక పూట పోతే పోయింది" అన్నారు. అట్లా ఆ విచారణ నా ఇష్టానికి విరుద్ధంగా కాలనీకి చేరింది. తోసేసే ఆర్డరు మాత్రం టైపు చేయించి, తేదీ ఒక్కటి ఖాళీ వదిలి జేబులో పెట్టుకునే పోయాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నా దగ్గర మూడు పేజీలున్నాయి.

ఆ రోజు బడి వరండాలో బల్ల వేశారు. తహశీల్దారు గారు మధ్యలో, నేను పక్కన. నలభై యాభైమంది దాకా వచ్చారు. మెట్ల దగ్గర ఆ ఏజెంటు, చేతిలో ఫైలు. వెనక గోడకు ఆనుకుని వాళ్ళమ్మ, డెబ్బై ఏళ్ళ పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. కొడుకు విచారణలో మాట్లాడతాడంటే చూడ్డానికి వచ్చింది. ఆక్షేపణ పడిన మనిషి ఒక ప్లాస్టిక్ కుర్చీలో అంచుకు కూర్చుని ఉంది. పొడుగు చేతుల రవిక, తల చుట్టూ నల్లగుడ్డ. ఇరవై రెండేళ్ళు అక్కడ ఆ ఇంటి పద్ధతిలో బతికిన మనిషికి అది అలవాటు. అది కూడా నేను ఆమెను అడిగి తెలుసుకోవలసిన సంగతే, అడగలేదు.

నేను నా రిపోర్టు చదివాను. ఏజెంటు లేచి, "ఈమెను మా ఊర్లో ఎవురూ ఎరగరు సార్. నేను గూడా అందర్నీ ఇచారించినా" అన్నాడు. అప్పుడు టీచరు తహశీల్దారు గారి అనుమతి అడిగి, ముందు వరుసలో కూర్చున్న ముస్లిం పెద్దాయన వైపు తిరిగింది. నేను పిలిపించిన ముగ్గురిలో ఆయన పెద్ద.

"తాతా, డీటీ సారు నిన్ను ఏమని అడిగినాడో ఒకసారి చెప్పు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "ఈమె మీ వీధి పిల్లేనా అని అడిగినాడు. కాదు అన్న్యాను. మా వీధి పిల్ల కాదు, అది నిజమే కదా. ఈ ఊరి పిల్లేనా అని అడిగింటే వేరే చెప్పింటాను."

"వేరే ఏమని చెప్పింటావు?"

"తెలీదు, కనుక్కుంటా అని చెప్పింటాను. ఆ పేర్లు మా ఇండ్లల్లో కంటే కాపుల ఇండ్లల్లోనే జాస్తి సారూ. పిల్లలు నిలబడకుంటే దర్గాకు మొక్కుకోని పీరు పేరు పెడతారు. ఇది ఆ సారుకు నేను చెప్పాల్నా? ఆయన ఈ సీమోడే కదా అనుకుంటి."

వరండాలో ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఎందుకంటే మా నాయన తల్లి పేరు కూడా పీరు పేరే. పులివెందుల దగ్గర పల్లెలో, ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు పోతే, దర్గాకు మొక్కి ఆమెకు ఆ పేరు పెట్టారు. బతికినన్నాళ్ళూ శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామికి పోయేది, పీర్ల పండుగకు చక్కెర మీద ఫాతిహా చదివించుకుని వచ్చేది. ఆ చక్కెర నా అరచేతిలో పోసి నాకించేది. ఆమె ఒళ్ళో పెరిగిన నేను, ఒక పేరు చూసి ఒక వీధి మూడు పేజీలతో పని ముగించాను. ఊరు కాని ఊరివాడు చేస్తే అది తెలియనితనం. నేను చేస్తే దానికి వేరే పేరుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆమె ఆ వీధి మనిషే అయ్యుంటే, ముస్లిమే అయ్యుంటే, ఆమె హక్కు వెంట్రుకవాసి కూడా తగ్గదు. నా తప్పు ఆమె మతం పొరబడటం ఒక్కటే కాదు. మనిషిని అడగకుండా పేరును అడగడం.

టీచరు ఒక పాత క్యాలెండరు చుట్ట విప్పి బల్ల మీద పరిచింది. దాని వెనక తెల్లటి వైపు మునిగిన ఊరు ఉంది. పెన్సిలుతో గీసిన వీధులు, గడులు, బావి, కల్లాలు. ఆమెది ఆ ఊరు కూడా కాదు, మునిగిన ఇంకో పల్లె. కాలనీలో ఇళ్ళు కలగాపులగమయ్యాక, బాలింత ఎక్కడుందని అడిగితే ఎవరూ కొత్త ఇంటి నంబరు చెప్పేవారు కాదట. "సావిడి పక్క మిద్దె ఆయప్ప కోడలు" అనేవారట. అందుకని ఆడవాళ్ళను అడిగి అడిగి, తాను చూడని ఊరిని ఆమె గీసుకుంది. గుడ్లు పంచడానికి గీసుకున్న పటం అది. మా ఆఫీసులో సర్వే పటాలు బీరువాల నిండా ఉన్నాయి, ఏ ఒక్కదాన్నీ ఇంత శ్రద్ధతో గీసినట్టు నాకనిపించదు.

"అక్కా" అంది టీచరు కుర్చీలోని మనిషితో. "బస్సు దిగినావు అనుకో. మీ ఇంటికి పో. పోతా పోతా ఏముండాదో చెప్పు."

ఆమె తలెత్తి చూడలేదు. "ఎందుకు పాపా ఇదంతా" అంది మెల్లగా. "నాయన సావుకు రాలేదు, అమ్మ సావుకు రాలేదు. ఆ మొగం పెట్టుకోని మా వాళ్ళ కాడికి యాడికని పోదును? అందుకే కదా ఎవురికీ కనపడకుండా ఉండేది."

"మరి ఓటెందుకమ్మా నీకు?" అడిగారు తహశీల్దారు గారు. మందలించినట్టు కాదు, తెలుసుకుందామని.

అప్పుడు తలెత్తింది. "ఆడ ఇరవై రెండేండ్లు నా బతాకా మింద, ఆడి గుర్తింపు కార్డు మింద, ఇండియా అని రాసినారు సారూ. ఏ తప్పు జరిగినా 'ఏయ్ హిందీ' అని, ఏయ్ ఇండియాదానా అని పిలిచిరి. ఈడికొస్తే నువ్వు ఇండియాదానివి కాదు అంటాండారు. ఇంగ నేను యాడిదాన్ని? నాకు పింఛనొద్దు, ఇల్లొద్దు. నేను ఈ ఊరిదాన్నని ఏదో ఒక కాగితంలో రాయండి, సాలు."

నా జేబులో టైపు చేసిన కాగితం ఉందన్న సంగతి నాకు బాగా గుర్తుంది.

ఆమె మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని చెప్పింది. బస్సు దిగితే ఎడమచేతి పక్క బోండాల హోటలు, దాని ముందర పగిలిన బండ. బండ దాటితే పీర్ల సావిడి, పండుగకు నిప్పుల గుండం తవ్వే చోటు. అక్కడి నుంచి నిజంగానే నడుస్తున్నట్టు కుడిచేతికి కాపుల వీధిలోకి మళ్ళింది. టీచరు వేలు పటం మీద ఆమె మాట వెంట నడుస్తోంది. కూర్చున్న ముసలివాళ్ళు ఒక్కొక్కరే ముందుకు జరిగారు. "హోటలు కుడిచేతి పక్క కదా" అన్నాడొకడు. "అది తర్వాత మార్చినారు, ముందు ఎడమచేతి పక్కనే" అని ఇంకొకడు సర్దాడు. ఆమె వాళ్ళని పట్టించుకోలేదు.

"మూడో ఇల్లు రెండు ఎనుములోళ్ళది. నాలుగోది మాది. రెండిండ్ల మిద్దెలు కలిసే ఉంటాయి. సందులోకి దిగే పన్లేదు, మిద్దె మింద నుంచే పోతాంటిమి. వాళ్ళ ఎనుము ఈనితే ఆయమ్మ జున్ను ఉట్టి మింద పెట్టేది. నేను మిద్దె మింద నుంచి..."

"ఉండు." వెనక గోడ దగ్గరి నుంచి గొంతు. ఏజెంటు వాళ్ళమ్మ లేచి నిలబడింది. "ఉండు మ్మే. ఆ మూడో ఇల్లు మాది."

"అమ్మా, నువ్వు కూకో. ఇది ఇచారణ" అన్నాడు కొడుకు.

"నువ్వు గమ్మునుండ్రా. ఇచారణ నేను చేస్తాండా." ఆమె జనాన్ని తోసుకుంటూ కుర్చీ దాకా వచ్చింది. నా ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో అంత సూటి ప్రశ్న ఏ ప్లీడరూ వేయగా వినలేదు. "మా మిద్దెకు గవాక్షులు ఎన్ని? చెప్పు."

గవాక్షి అంటే మట్టిమిద్దెకు గాలీ వెలుతురూ వచ్చేందుకు పైకప్పులో వదిలే బొక్క.

"రెండు" అంది ఆమె. "ఒకటి వంటింటి మింద. ఇంగోటి బండతో మూసిపెట్టినారు."

"ఎందుకు మూసినాము?"

"నేను దాంట్లో పడినా కాబట్టి." ఆమె మోకాలి కింద చీర అంచు జరిపి, తెల్లగా నిలిచిపోయిన ఒక పాత మచ్చ చూపించింది. "నువ్వే పసుపు నూరి పెడితివి పెద్దమ్మా. మా యమ్మకు చెప్పొద్దంటే, చెప్పకపోతివి."

ఆ పెద్దావిడ కళ్ళజోడు తీసేసి, వంగి, ఆ నల్లగుడ్డను రెండు చేతులతో వెనక్కి జరిపి మొహం చూసింది. చూసి, ఆ చెంప మీద మెల్లగా ఒక దెబ్బ వేసింది. "యాడికి పోతివే ఇన్నాళ్ళు? మీ యమ్మ పోయేముందర రోజూ నా కాడ కూకోని నీ మాటే. ఈ కాలనీలో ఉండి నా గడప తొక్కకపోతివే." ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తరువాత పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. "సంకలో పిల్లను పెట్టుకోని ఊరంతా ఎతికినట్టు, ఊరందర్నీ ఇచారించినావంట కదరా. నన్ను అడిగినావా? నువ్వు పుట్టినప్పుడు నిన్ను తొట్లో ఊపింది ఈ పిల్లే."

ఆ కుర్రాడు ఫైలు అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి చంకలో పెట్టుకున్నాడు. నాకు వాడి మీద జాలేసింది. నేనూ వాడి పక్కన నిలబడవలసినవాడినే, బల్లకు ఇవతల కూర్చున్నాను, అంతే.

తహశీల్దారు గారు గొంతు సవరించుకుని, "సాక్ష్యం బాగుంది. కాగితం కూడా కావాలి కదా. పాత జాబితా ఏదయ్యా?" అన్నారు. నేను మూడు పేజీలు బయటికి తీశాను. కాపుల వీధి వాటిలో లేదు. ఊరి జాబితా మొత్తం జమ్మలమడుగు రికార్డు రూములో బీరువాలో ఉంది. నేను జీపు పంపిస్తానని ఏదో గొణుగుతుండగా, టీచరు సంచీలోంచి దారంతో కుట్టిన ఒక కట్ట తీసి నా ముందు పెట్టింది.

"మొత్తం తెచ్చినా సార్. రికార్డు రూములో మొన్న అడిగి జిరాక్సు తీపించుకుంటి."

"పేరు ముందే చూశావా ఇందులో?"

"చూసినా సార్."

"మరి మొదటే చూపించవచ్చు కదమ్మా, ఈ పూటంతా ఎందుకు?"

ఆమె కట్ట మీద చెయ్యి పెట్టింది. "పేరు ఎవురిదైనా అయ్యుండొచ్చు కదా సార్. ఈ పేరు ఈయమ్మదేనని ఊరు చెప్పల్ల. మీరు గూడా నమ్మల్ల."

ఆ తరువాత ఎన్నో ట్రైనింగుల్లో కూర్చున్నాను, నేనే క్లాసులు చెప్పాను. విచారణ అంటే ఏమిటో అంతకన్నా బాగా ఎవరూ నాకు చెప్పలేదు. నేనైతే పేరు దొరకగానే ఎగిరి గంతేసి ఆర్డరు రాసేవాడిని. ఆమెకు దొరికాక కూడా తొందర లేదు. మనిషినీ పేరునూ కలిపి కళ్ళారా చూశాకే కట్ట విప్పింది.

కాపుల వీధి, నాలుగో ఇల్లు. తండ్రి పేరు, తల్లి పేరు, కింద కూతురి పేరు, వయసు ఇరవై మూడు. దాని పైన మూడో ఇంటి గడిలో ఏజెంటు వాళ్ళమ్మ పేరు. అన్నీ నేనే పైకి చదివాను. చదువుతుంటే కుర్చీలోని మనిషి తల్లి పేరు దగ్గర కళ్ళు తుడుచుకుంది. నా పేజీల్లో ఆ పేర్లు లేవు, అవి వాటికి రెండు పేజీల అవతలే ఉన్నాయి.

ఆక్షేపణ కొట్టేసి, పేరు చేర్చమని తహశీల్దారు గారు అక్కడే ఆర్డరు రాశారు. ఔట్‌పాస్ జిరాక్సు కూడా ఫైలులో సాక్ష్యంగా చేరింది. నేను దాన్ని చిత్తుకాగితంలా చూశాను గానీ, మన దేశం మనిషని తేల్చుకోకుండా ఆ కాగితం ఎవరికీ ఇవ్వరు. ఆ ముక్క కూడా ఆయనే నాకు గుర్తు చేశారు.

తిరిగొచ్చేటప్పుడు టీచరు జీపు దాకా వచ్చింది. "మెమో సంగతేంది సార్?" అంది. వెక్కిరింపేమో అనుకుని మొహం చూశాను. కాదు, నిజంగానే అడుగుతోంది, మరుసటి రోజు వచ్చి తీసుకోవాలేమోనని. "మెమో లేదు తల్లీ, నాకే ఇచ్చుకోవాలి" అన్నాను. ఆమె నవ్వి, పిల్లల గుడ్లు ఉడకబెట్టే టైమైందని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చోవాలంటే మొహమాటంగా ఉండేది. ఆ టైపు చేసిన ఆర్డరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తేదీ ఖాళీగానే ఉంది.

ఎన్నికల రోజు ఆ కాలనీ నా సెక్టారులోనే పడింది. బూత్ అదే బడిలో. నేను తనిఖీకి పోయేసరికి వరుస గేటు దాకా ఉంది. వరుసలో ఆమె కనపడింది. ముసుగు అలాగే ఉంది గానీ మొహం బయటికే ఉంది. వెనకాలే ఏజెంటు వాళ్ళమ్మ, ఆమె భుజం పట్టుకుని. లోపల ఏజెంట్ల బెంచీ మీద ఆ కుర్రాడు, చేతిలో జాబితా. పోలింగ్ ఆఫీసరు పేరు పైకి చదివినప్పుడు, ఈ మనిషి ఆ మనిషి కాదని అనుమానముంటే ఏజెంటు లేచి అడ్డు చెప్పవచ్చు. చట్టం వాడికి ఆ హక్కు ఇచ్చింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

పోలింగ్ ఆఫీసరు ఆమె క్రమసంఖ్య, పేరు, తండ్రి పేరు గట్టిగా చదివి, ఏజెంట్ల వైపు చూశాడు.

ఆ కుర్రాడు జాబితాలో టిక్కు పెట్టుకున్నాడు. "సరే సార్. మా ఊరామే" అన్నాడు, తల దించుకునే.

ఆమె సిరా చుక్కకు వేలు చాచినది చాచినట్టే ఆగి, వాడి వైపు తిరిగింది.

"గట్టిగా చెప్పు అబ్బీ. బయట మీ యమ్మ ఉండాది, ఆయమ్మకు గూడా ఇనపడల్ల."

వాడు లేచి నిలబడి, గేటు దాకా వినపడేలా మళ్ళీ చెప్పాడు.